కావలిలో ఇల్లు: లేబరా, మెటీరియల్‌తోనా, పర్సంటేజీయా?

ప్రశ్న: కావలిలో మాకు 30 అంకణాల (240 గజాల) స్థలం ఉంది. కింద మూడు షాపులు, పైన రెండు అంతస్తుల్లో రెండు పోర్షన్లు వేద్దామనుకుంటున్నాం. అంతస్తుకు 1,400 చొప్పున మొత్తం 4,200 చదరపు అడుగులు. తాపీ మేస్త్రి ఒకాయన లేబర్ మాత్రం అడుగుకు 450 అన్నాడు. ఒక కాంట్రాక్టరు మెటీరియల్‌తో సహా 1,950 అన్నాడు. తెలిసిన ఇంజనీరు ఒకాయన, అయిన ఖర్చు మీద 10 శాతం ఇస్తే అంతా తనే చూసుకుంటానంటున్నాడు. నెల్లూరులో ఒక కంపెనీ డ్రాయింగుల దగ్గర్నుంచి తాళంచెవుల దాకా మొత్తం తమదే అని 2,250 చెప్పింది. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాను, నెలకు రెండుసార్లు శని, ఆదివారాల్లో రాగలను. నాన్నగారికి 72 ఏళ్లు, ఎండలో నిలబడలేరు. ప్లాను గీయించాం గానీ స్ట్రక్చరల్ డ్రాయింగులు ఇంకా లేవు. వీటిలో ఏది చవక?

సమాధానం:

నాలుగు రేట్లనీ పక్కపక్కన పెట్టి ఏది చవకో చెప్పడం ఎవరివల్లా కాదు. 450కి ఏమేం వస్తాయో, 1,950లో ఏమేం రావో కాగితం మీద లేవు. అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ధర పెరిగితే ఎవరి నెత్తిన పడుతుంది, సరుకు వృథా అయితే ఎవరికి నష్టం, పునాది అనుకున్నదాని కంటే లోతు పోతే ఎవరు కట్టాలి, రోజూ సైటులో ఎవరు నిలబడతారు. ఒక్కో పద్ధతిలో ఈ బరువులు ఒక్కొక్కరి మీద పడతాయి. రేటు దాన్నిబట్టే మారుతుంది.

మీ పరిస్థితికి మా సలహా ముందే చెప్పేస్తాం. పునాది నుంచి మూడో స్లాబు దాకా ఐటెం రేటు మీద, అంటే కొలతల కాంట్రాక్టు మీద ఇవ్వండి. సిమెంటు, స్టీలు మీరు కొనివ్వండి. ఇసుక, కంకర, సెంట్రింగ్, మిక్సరు, వైబ్రేటరు, కూలీలు, క్యూరింగ్ (కాంక్రీటును తడపడం) కాంట్రాక్టరువి. స్లాబులయ్యాక ఫినిషింగ్ పనులను విడిగా, గదిగదికీ రాసుకున్న జాబితాతో ఇంకో ఒప్పందం చేసుకోండి. కాంట్రాక్టరుతో సంబంధం లేని సైటు ఇంజనీరును మీరే పెట్టుకోండి. ఎందుకో చూద్దాం.

లేబర్ కాంట్రాక్టుతో మొదలుపెడదాం. 4,200 అడుగులకు 450 అంటే 18 లక్షల 90 వేలు. ఎదురుగా 1,950 లెక్కన 81 లక్షల 90 వేలు. మధ్యలో 63 లక్షలు కనిపించేసరికి చాలామందికి ఆశ పుడుతుంది. ఆ 63 లక్షల్లో ఇసుక, కంకర, ఇటుక, సిమెంటు, స్టీలు, తలుపులు, టైల్సు, కరెంటు, ప్లంబింగు, రంగులు అన్నీ ఉన్నాయి, వాటిని సమయానికి తెప్పించే మనిషి శ్రమా ఉంది. లేబర్ కాంట్రాక్టులో ఆ మనిషి మీరే. సోమవారం పొద్దున పన్నెండు మంది కూలీలు వచ్చాక ఇసుక రాలేదంటే ఆ రోజు పని పోతుంది, మేస్త్రి మరుసటి రోజు వేరే సైటుకు పోతాడు. శనివారం బట్వాడా మాత్రం ఆగదు. పైగా మన వైపు లేబర్ మాటల్లో క్యూరింగ్ సాధారణంగా ఇంటివాళ్లదే. పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు వాడితే కాంక్రీటు పనుల కోడు ఐఎస్ 456 ప్రకారం కనీసం 10 రోజులు, ఎండలు ముదిరినప్పుడు 14 రోజులు తడపాలి. 72 ఏళ్ల మనిషి రోహిణి కార్తెలో రెండు పూటలా మేడెక్కి స్లాబు మీద మడులు నింపే పని పెట్టుకోకూడదు. ఇంటిమనిషి రోజూ సైటులో ఉండే చోట లేబర్ కాంట్రాక్టుకు మించిన చవక లేదు. మీకు ఆ వీలు లేదు.

మెటీరియల్‌తో కాంట్రాక్టుకు జనం మొగ్గేది ధరల భయంతో. ఆ భయం ఎంతో లెక్కేద్దాం. మీలాంటి ఇంటికి అడుగుకు సుమారు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల స్టీలు పడతాయి. అంటే 1,680 బస్తాలు, 16.8 టన్నులు. బస్తా 350, కిలో 60 అని వేసుకుంటే రెండూ కలిపి 16 లక్షల లోపు, మొత్తం 81.9 లక్షల్లో అయిదో వంతు. బస్తా మీద 40, కిలో మీద 5 పెరిగినా అదనం 67,200, 84,000. కలిపి లక్షన్నర. చిన్న మొత్తం కాదు గానీ ఇల్లు ఆగిపోయేంత పెద్దదీ కాదు.

అసలు డబ్బు పోయేది కొలతలో. 'అడుగుకు 1,950' అన్నారు, ఏ అడుగుకు? కొందరు గోడ బయటి అంచుల మధ్య కొలుస్తారు, కొందరు స్లాబు అంచు నుంచి అంచుకు. మీకు రెండు అంతస్తుల్లో 3 అడుగుల వెడల్పు, 35 అడుగుల పొడవు బాల్కనీ ఉందనుకోండి, 210 అడుగులు. మెట్ల పైన కట్టే గది 120. ఈ 330 అడుగులను పూర్తిగా లెక్కలోకి తీసుకుంటే 6 లక్షల 43 వేలు, సగం తీసుకుంటే 3 లక్షల 22 వేలు. ధరలు పెరిగితే పోతుందనుకున్న లక్షన్నరకు ఇది నాలుగింతలు. ఇంతా తేల్చేది ఒప్పందంలో రాసుకునే ఒక్క వాక్యం. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, పైన నీళ్ల ట్యాంకు, బోరు, కరెంటు మీటరు సాధారణంగా ఈ రేటులో ఉండవు. పునాది లోతు 5 అడుగుల దాకానే అని కూడా అనుకుని ఉంటారు. రాయించి చూడండి.

రేటు వేసిన కాంక్రీటు ఏదో కూడా అడగండి. 1,950 చెప్పినాయన మనసులో ఉన్నది బహుశా ఎం20 గ్రేడు, అంటే సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లు. తుమ్మలపెంట సముద్రం మీకు అంత దూరం కాదు. ఉప్పుగాలి ఉన్న తీరప్రాంతంలో ఆ గాలి నేరుగా తగలని భాగాలకు కూడా ఐఎస్ 456:2000 'మోడరేట్' వర్గం పెడుతుంది. దానికి కనీసం ఎం25, కవరు (కడ్డీల మీద ఉండే కాంక్రీటు పొర) 30 ఎంఎం. తీరపు వాతావరణానికి బాహాటంగా గురయ్యే కాంక్రీటైతే 'సివియర్', ఎం30, 45 ఎంఎం. మీ స్థలం ఏ వర్గమో స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి. ఇక్కడో చిక్కుంది. అదే కోడు పాళ్ల లెక్కతో కలిపే నామినల్ మిక్స్‌ను ఎం20 దాకానే ఒప్పుకుంటుంది. 'ఎం25 అంటే 1:1:2 సార్' అన్న మేస్త్రి మాట కోడు ముందు నిలవదు. ల్యాబ్‌లో మిక్స్ డిజైన్ (పరీక్షించి పాళ్లు తేల్చడం) చేయించాలి, లేదా ప్లాంటు నుంచి రెడీమిక్స్ తెప్పించాలి. కాంట్రాక్టు సంతకమయ్యాక ఈ సంగతి తెలిస్తే అది 'ఎక్‌స్ట్రా' పద్దులోకి పోతుంది. ఎక్‌స్ట్రాకు బేరం ఉండదు, ఎందుకంటే అప్పటికి మీకు ఇంకో మనిషి లేడు.

ఈ పద్ధతిలో రెండో గుంట చెల్లింపుల వరస. మన వైపు తరచుగా కనిపించే వరస ఇలా ఉంటుంది: అడ్వాన్సు 10 శాతం, బేస్‌మెంటుకు 15, ఒక్కో స్లాబుకు 20. మూడు స్లాబులు పడేసరికి 85 శాతం పోయింది. గోడలు, ప్లాస్టరింగు, టైల్సు, తలుపులు, కరెంటు, రంగులకు మిగిలింది 15. ఆ 15తో అవి పూర్తి కావని కాంట్రాక్టరుకు తెలుసు, అందుకే ఫోను ఎత్తడం మానేస్తాడు. అన్యాయం మనిషిలో ఎంత ఉందో ఆ వరసలోనూ అంతే ఉంది. మెటీరియల్‌తోనే ఇవ్వాలని మీరు నిర్ణయించుకుంటే ఇలా పెట్టండి: అడ్వాన్సు 5, ప్లింత్ బీము దాకా 12, మొదటి స్లాబు 13, రెండోది 12, మూడోది 12, గోడల కట్టుబడి 12, ప్లాస్టరింగు 12, ఫ్లోరింగు, బాత్రూములు 10, తలుపులు, కరెంటు, రంగులు 7. చివరి 5 శాతం ఒక వానాకాలం దాటాక. నెల్లూరు జిల్లాలో ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలవి, వాయుగుండం వస్తే గాలివాన అడ్డంగా కొడుతుంది. స్లాబు కారేది, కిటికీ అంచుల్లో చెమ్మ దిగేది అప్పుడే బయటపడుతుంది. ఆ 5 శాతం జనవరిలో ఇస్తానని రాయండి.

ఇంజనీరు గారి 10 శాతం సంగతి. సర్కారు పనుల్లో 'పర్సంటేజీ టెండరు' అన్న మాట విని ఉంటారు. అది వేరు. అక్కడ ఎస్సెస్సార్ (సర్కారు ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లతో అంచనా వేసి ఉంటుంది, కాంట్రాక్టర్లు దానికి ఇంత శాతం తక్కువ, ఇంత ఎక్కువ అని కోట్ చేస్తారు. మీకు చెప్పింది ఖర్చు మీద శాతం. ఖర్చు ఎంత పెరిగితే ఆయన జీతం అంత పెరుగుతుంది. ఆయన మంచివాడే కావచ్చు, అయినా 'ఇంకాస్త స్టీలు వేద్దాం, మంచిదేగా' అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా వినబుద్ధేస్తుంది, అడ్డుకునే మనిషి ఎవరూ ఉండరు. ఆయన నమ్మకస్థుడే అయితే శాతం తీసేసి ఒక మొత్తం మాట్లాడండి. 70 లక్షల అంచనాకు 10 శాతం 7 లక్షలు కదా, అదే 7 లక్షలు స్థిరం. ఖర్చు 75 అయినా 7, 66 అయినా 7. మిగిల్చిన దాంట్లో సగం ఆయనకే ఇస్తానంటే ఇంకా నయం. బిల్లులు మీ పేరున ఉండాలి, దుకాణానికి డబ్బు మీ ఖాతా నుంచే పోవాలి. ప్లాను ఇంకా మారుతూ ఉండే ఇంటికి, పాత ఇల్లు పగలగొట్టి పైన వేసే పనికి ఈ పద్ధతి బాగుంటుంది, ఎందుకంటే లోపల ఏముందో ముందు ఎవరికీ తెలియదు. మీది ఖాళీ స్థలం, ప్లాను తేలిపోయింది. అంత స్వేచ్ఛకు డబ్బు పెట్టక్కర్లేదు.

నెల్లూరు కంపెనీ చెప్పేది పెద్ద పనుల్లో ఈపీసీ (డిజైను, కొనుగోలు, నిర్మాణం ఒకరికే ఇవ్వడం) అంటారే, ఆ కోవలోది. మన రాష్ట్రంలో జలయజ్ఞం ప్రాజెక్టుల నుంచి ఆ మాట జనానికి బాగా అలవాటైంది. డిజైన్ చేసేవాడూ కట్టేవాడూ ఒకడే కాబట్టి డ్రాయింగు తప్పని కాంట్రాక్టరు, కట్టడం తప్పని ఇంజనీరు ఒకరి మీద ఒకరు తోసుకోవడం ఉండదు. మీలాగా దూరాన ఉన్నవాళ్లకు అదే ఆకర్షణ. కానీ స్టీలు ఎంత వేయాలో నిర్ణయించేవాడే ఆ స్టీలు కొనేవాడు కూడా. దానికి విరుగుడు ఒకటే: వాళ్ల స్ట్రక్చరల్ డిజైనును బయటి ఇంజనీరుతో చెక్ చేయించే హక్కు ఒప్పందంలో ఉండాలి, ఆయన ఫీజు మీరే కట్టాలి. ఇంకో చిన్న మాట. ఈ కంపెనీకో, చెన్నై, తిరుపతి వాళ్లకో కొటేషను అడిగేటప్పుడు స్థలం అంకణాల్లో చెప్పకండి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. మీది 240 గజాలని చెప్పండి.

ఇక మేం చెప్పిన కొలతల కాంట్రాక్టు. ఇందులో ఇంటికి రేటు ఉండదు, పనికి ఉంటుంది. తవ్వకం ఘనపు మీటరుకు, కాంక్రీటు ఘనపు మీటరుకు, సెంట్రింగ్ చదరపు మీటరుకు, స్టీలు కోత, వంపు, కట్టుడు టన్నుకు, కట్టుబడి ఘనపు మీటరుకు. ఎంత చేస్తే అంత. పునాది చూడండి: 12 ఫుటింగులు (స్తంభాల కింది పునాది దిమ్మలు), ఒక్కోటి 5 అడుగుల చదరం, మట్టి మెత్తగా ఉందని అడుగున్నర లోతు పెంచారు. అదనపు తవ్వకం 450 ఘనపుటడుగులు, అంటే 12.7 ఘనపు మీటర్లు. దానికీ, పెరిగిన కాలమ్ పొడవుకూ రాసుకున్న రేటు కడితే అయిపోయింది. అడుగు లెక్క కాంట్రాక్టులో ఇదే విషయానికి పంచాయితీ పెట్టాలి. కావలి నుంచి ఒంగోలు వైపు పోయే కొద్దీ నల్లరేగడి తగిలే చోట్ల ఈ పద్ధతి ఇంకా అవసరం, అక్కడ ఫుటింగు కాస్తా అండర్‌రీమ్డ్ పైళ్లుగా (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలుగా) మారవచ్చు.

ఇబ్బంది లేకపోలేదు. పరిమాణాల జాబితా ముందే తయారు కావాలి, అది స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉంటేనే కుదురుతుంది. ప్రతి దశలో కొలవాలి. ఎలా కొలవాలన్నది 'ఐఎస్ 1200 ప్రకారం' అని ఒక్క ముక్క రాస్తే చాలా తగువులు తీరిపోతాయి. ఉదాహరణకు ప్లాస్టరింగులో అర చదరపు మీటరు లోపు కన్నాలకు తగ్గింపు లేదు, అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఒక వైపే తగ్గిస్తారు, మూడు దాటితే రెండు వైపులా తగ్గించి అంచులు కలుపుతారు. కనబడకుండా పోయేవాటిని, అంటే ఫుటింగు లోతు, అడుగున వేసే కాంక్రీటు మందం, కడ్డీలు, పూడ్చకముందే ఇద్దరూ కొలిచి పుస్తకంలో సంతకాలు పెట్టాలి. పక్కన టేపు పెట్టి ఫొటో తీయాలి.

స్టీలు మీరు కొన్నాక జరిగే పని దగ్గరగా చూద్దాం. కడ్డీ మీటరు బరువు కిలోల్లో కావాలంటే మందాన్ని మందంతో గుణించి 162తో భాగించాలి. 12 ఎంఎం కడ్డీ మీటరు 0.89 కిలో, 12 మీటర్ల కడ్డీ 10.66 కిలోలు. లోడు దిగేటప్పుడు పది కడ్డీలు తూకం వేయించండి, 106.6 కిలోలు రావాలి. కడ్డీల ప్రమాణం ఐఎస్ 1786 ఈ మందానికి 5 శాతం తేడా ఒప్పుకుంటుంది, కాబట్టి 101.3 కిందకు వస్తే ఆ లోడు వెనక్కి పంపేయాలి. వేబ్రిడ్జి చీటీ ఒక్కదాన్ని నమ్మితే ఇది తెలియదు, ఎందుకంటే బరువు సరిగ్గానే ఉంటుంది, కడ్డీల సంఖ్య ఎక్కువుంటుంది, మందం తక్కువుంటుంది. డ్రాయింగులో అన్ని కడ్డీలే కట్టారనిపిస్తుంది, లోపల ఉండాల్సిన ఇనుము మాత్రం ఉండదు. కోతలో వృథాకు 3 శాతం ఒప్పుకోండి, 16.8 టన్నులకు అది 504 కిలోలు. అంతకు మించితే కొన్న ధరకు రెట్టింపు కాంట్రాక్టరు బిల్లులో కోత అని రాయండి. ముక్కలు మీవే.

సిమెంటుకు స్లాబు రోజున ఖాళీ సంచులే సాక్ష్యం. 1,400 అడుగుల స్లాబు 130 చదరపు మీటర్లు, 125 ఎంఎం మందానికి 16.25 ఘనపు మీటర్లు. మిక్స్ డిజైన్ రిపోర్టులో ఘనపు మీటరుకు 7 బస్తాలని ఉంటే స్లాబు ఒక్కదానికే 114 బస్తాలు, బీములది దానికి కలపాలి. సాయంత్రానికి సంచులు బాగా తక్కువగా తేలితే కాంక్రీటు బలహీనం, బాగా ఎక్కువైతే సిమెంటు ఎటో పోయింది. కాంక్రీటు 16 నుంచి 30 ఘనపు మీటర్ల మధ్య ఉంటే కోడు మూడు శాంపిళ్లు అడుగుతుంది, ఒక్కోదానికి మూడేసి చొప్పున తొమ్మిది క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు). వాటి ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలో ఉండాలి.

నీళ్ల మాట చాలామంది మరిచిపోతారు. ఆర్‌సీసీకి కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించి, పనికిరావంటే ట్యాంకరు నీళ్లు కాంట్రాక్టరే తేవాలని రేటులోనే కలపండి. ఇసుక ఏటిదేనని, సముద్రపు ఒడ్డుది కాదని కూడా రాయండి. 2024 జులై నుంచి ఇసుక ఉచితమే అయినా లోడింగు, రవాణా ఖర్చులున్నాయి.

సైటు ఇంజనీరును జీతానికి పెట్టక్కర్లేదు, విజిట్‌కు ఇంత అని మాట్లాడండి. ఆయన సంతకం లేకుండా ముందుకు పోకూడని ఘట్టాలు నాలుగు: గుంట అడుగు, ఫుటింగు కడ్డీలు, కాలమ్ కడ్డీలు, స్లాబు పోయకముందు. సెంట్రింగ్ విప్పే తేదీ కూడా ఆయనే చెప్పాలి. 4.5 మీటర్ల లోపు స్పాను (ఆధారాల మధ్య దూరం) స్లాబుకు పోట్లు (కింద నిలబెట్టే ఆసరాలు) 7 రోజులు ఉండాలి, దాటితే 14. 6 మీటర్ల లోపు బీముకు 14, దాటితే 21. సెంట్రింగ్ సామాను అద్దెది కాబట్టి తొందరపెడతారు. మీరు వచ్చే శని, ఆదివారాలకు స్లాబు పోతలు పడేలా చూసుకోండి.

పన్నుల దగ్గర ఒక లెక్క. మెటీరియల్‌తో చేసే పని జీఎస్టీలో వర్క్స్ కాంట్రాక్టు, 18 శాతం. 1,950 చెప్పినాయన జీఎస్టీ ఉన్న మనిషైతే అది కలిపా, విడిగానా అడగండి, విడిగా అయితే మీ మీద ఇంకో 14 లక్షల 74 వేలు. విడిగా ఉన్న ఒక ఇంటికి కూలీ మాత్రం కాంట్రాక్టుకు మినహాయింపు ఉంది. మీకు కింద షాపులు, పైన రెండు పోర్షన్లు కాబట్టి అది వర్తిస్తుందో లేదో ఆడిటరు చెప్పాలి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత రేట్లతో వేసిన కొటేషనైతే ఆ తేడా అడగండి. ఒక కాంట్రాక్టరుకు ఏడాదిలో 50 లక్షలు దాటి కడితే 2 శాతం టీడీఎస్ కోసి కట్టాల్సిన బాధ్యత మీది.

ఇప్పుడు చేయాల్సిన వరస. మట్టి పరీక్ష, దాని మీద స్ట్రక్చరల్ డ్రాయింగులు, దాని మీద పరిమాణాల జాబితా. ఆ ఒకే జాబితా మీకు రేట్లు చెప్పిన నలుగురికీ ఇచ్చి రేట్లు నింపమనండి. అడుగు లెక్క తప్ప నింపనన్నవాడిని అక్కడే వదిలేయండి. డ్రాయింగులు చేతికి వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి, 'రేటు ఈ నెలాఖరు దాకే' అన్నా సరే. జనవరిలో తవ్వకం మొదలయ్యేలా చూసుకుంటే అక్టోబరు వానల్లోపు మూడు స్లాబులూ పడతాయి.